పొద్దున్నే లేవడం గురించి మీరడిగినవి, నేను చెప్పేవి

కొత్త సంవత్సరం వచ్చిందంటే చాలు, ఉత్తరాల్లో, మెయిల్స్‌లో ఒకటే మాట, ఈ ఏడాదైనా పొద్దున్నే లేవాలి, మంచి రొటీన్ ఒకటి పెట్టుకోవాలి అని. ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేశా. పేర్లు ఎవరివీ వేయట్లేదు, కొందరు వద్దన్నారు, మిగతావాళ్ళవి కూడా అవసరం లేదనిపించింది. అందరూ అడిగింది ఎన్నింటికి లేవాలి అనే, కానీ ఉత్తరం మొత్తం చదివితే అసలు ఇబ్బంది ముందురోజు రాత్రి దగ్గరో, ఇంట్లో ఏ పని ఎవరు చేస్తున్నారు అన్న దగ్గరో, లేదా ఒంట్లోనో ఉంది. అందుకే నా జవాబులు కూడా అక్కణ్ణించే మొదలవుతాయి.

అక్కా, నాకు 36. గుంటూరులో ప్రైవేట్ స్కూల్లో టీచర్ని. ఇద్దరు పిల్లలు, మావారు, అత్తయ్య. 5కి లేస్తే 8:10కి బస్సెక్కేదాకా ఊపిరాడదు. వాకిలి, పాలు, టిఫిను, నాలుగు క్యారేజీలు, చిన్నదాని జడలు అన్నీ నేనే. రాత్రి గిన్నెలు కడిగి, నోట్‌బుక్స్ దిద్ది పడుకునేసరికి 11:30. రీల్స్‌లో అందరూ 4కి లేచి యోగా, మెడిటేషన్, డైరీ అంటున్నారు. నాకూ నాకంటూ ఒక గంట కావాలనుంది. ట్రై చేస్తే క్లాసులో పిల్లల మీద అరిచేస్తున్నా. 4కి లేవడం ఎలా అలవాటు చేసుకోవాలి?

వద్దమ్మా, 4కి లేవద్దు. మీరు ఇప్పుడు పడుకునేదే అయిదున్నర గంటలు, పెద్దవాళ్ళకి కనీసం 7 గంటల నిద్ర కావాలని నిద్ర డాక్టర్లందరూ చెప్పేమాట, అంటే రోజూ ఇప్పటికే గంటన్నర అప్పులో ఉన్నారు, అందులోంచి ఇంకో గంట తీసి యోగా చేస్తే ఆ యోగా ఇచ్చే ప్రశాంతత కంటే పోయిన నిద్ర చేసే నష్టం ఎక్కువ. క్లాసులో అరవడం మీ స్వభావం కాదు, అది నిద్ర చాలకపోవడం. నిద్ర తగ్గితే ముందు పోయేది ఓపికే.

బ్రహ్మ ముహూర్తంలో లేవమని పెద్దవాళ్ళు చెప్పారు కదా అంటారేమో. అది సూర్యోదయానికి గంటా 36 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉండే సమయం, గడియారంలో ఫిక్స్‌డ్ టైమ్ కాదు, మీ గుంటూరులో సంక్రాంతి రోజుల్లో లెక్కేస్తే 5 గంటలకి మొదలవుతుంది, మే నెలాఖరులో అయితే 4కి. ఆ మాట చెప్పిన కాలంలో చీకటి పడగానే అన్నాలు తిని ఎనిమిదింటికల్లా పడుకునేవాళ్ళు. రాత్రి భాగం వదిలేసి పొద్దున భాగం మాత్రం పట్టుకుంటే ఒళ్ళు హూనమవుతుంది.

మీకు గంట కావాలి, నిజమే, కానీ అది నిద్రలోంచి కాదు, పనిలోంచి రావాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా టైమ్ యూజ్ సర్వే చేసింది, ఎవరు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారని. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. చేసే మగవాళ్ళు అని ఎందుకంటున్నానంటే ఇంటిపనిలో అసలు చెయ్యి పెట్టేవాళ్ళే నలుగురిలో ఒకరు. మీ ఉత్తరంలో మీరు రాసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన ఎవరు చేస్తున్నారో పేరు రాయండి. కాగితం నిండా మీ పేరే ఉంటుంది. అది మీవారికి గొడవలా కాకుండా ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు చూపించండి.

చూపించాక సాయం చెయ్యి అని అడక్కండి, ఒక పని మొత్తంగా ఇచ్చేయండి. పిల్లల్ని లేపి, స్నానాలు చేయించి, యూనిఫాం వేసి, నీళ్ళ సీసాలు నింపి బస్సెక్కించేదాకా ఆయనది. మధ్యలో సాక్సులెక్కడ, ఐడీ కార్డెక్కడ అని వంటింట్లోకి కేక వేస్తే వెతుక్కోమనండి, ఎందుకంటే సాక్సులెక్కడున్నాయో గుర్తుపెట్టుకోవడం కూడా పనే, అసలు అలిసిపోయేది దానికే. మొదట్లో పిల్ల ఒక రోజు టై లేకుండా వెళ్తుంది, వెళ్ళనివ్వండి. చిన్నదాని జడలు అత్తయ్యగారికి ఇవ్వండి, కూర్చుని చేసే పని, మనవరాలితో ఆ పది నిమిషాలు ఆవిడకీ బావుంటాయి. కూరలు రాత్రి టీవీ ముందు అందరూ కూర్చుని తరగొచ్చు, చట్నీకి పల్లీలు ఆదివారం ఒకేసారి వేయించి డబ్బాలో పోసుకోవచ్చు, టిఫిన్ వారంలో మూడు రోజులు ఇడ్లీ అయినా ఎవరికీ ఏం కాదు. నోట్‌బుక్స్ స్కూల్లో ఖాళీ పీరియడ్‌లో ఎన్నయితే అన్ని, ఇంటికి తెచ్చేవి సగం చేయండి. 10:15కి పక్క ఎక్కండి. అప్పుడు 5కి లేచినా సుమారు ఆరుముప్పావు గంటలు, 5:20కి లేవగలిగితే 7.

ఇంకోటి, మీరు పట్టించుకోలేదు కానీ మీ రొటీన్‌లో ఇప్పటికే ఒక మంచి పని ఉంది, వాకిలి ఊడ్చి ముగ్గేయడం. తెల్లారే టైమ్‌లో ఆరుబయట, వంగి లేస్తూ, మనసంతా చుక్కల మీద పెట్టి, దీన్ని ఇంకెవరికీ ఇవ్వకండి, కుదిరితే కాస్త వెలుగొచ్చేదాకా ఆగి వేయండి. అయ్యాక కాఫీ గ్లాసు పట్టుకుని ఆ గట్టు మీదే ఒక పావుగంట కూర్చోండి, ఫోన్ లోపల వదిలేసి. కుక్కర్ విజిల్స్ ఆ టైమ్‌లో ఇంకెవరైనా లెక్కపెడతారు. గంట కాకపోయినా ఆ పావుగంట ఎవరూ ముట్టుకోనిది అవ్వాలి, అది ఇంట్లో అందరికీ తెలియాలి. తర్వాత మెల్లగా పెంచుకోవచ్చు.

మేడమ్, మాది నల్గొండ దిక్కు. గ్రూప్-2 కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ల హాస్టల్ల ఉండి చదువుతున్న. పొద్దుగాల 5కి అలారం పెడ్త, బంద్ చేసి మల్ల పండుకుంట, లేచేసరికి 10 అయితది. రాత్రి 2 దాకా ఫోన్ చూస్త. ప్రతి సోమవారం కొత్త టైమ్‌టేబుల్ రాస్త, బుధవారానికి పోతది. నాన్న పొద్దుగాల ఫోన్ చేస్తే లేచి చదువుతున్న అని అబద్ధం చెప్త. అప్పటినుంచి దినమంతా మనసు బరువుగుంటది. నాకు డిసిప్లిన్ లేదా?

తమ్ముడూ, ఇంటికి దూరంగా హాస్టల్ గదిలో, ఎప్పుడొస్తుందో తెలియని నోటిఫికేషన్ కోసం కూర్చుని రోజూ పుస్తకం తెరుస్తున్నావు, ప్రతి సోమవారం మళ్ళీ మొదలుపెడుతున్నావు, డిసిప్లిన్ లేనివాడు ఈ పని చేయడు. 2కి పడుకున్నవాణ్ణి 5కి లేవమంటే ఏ ఒళ్ళూ లేవదు, అంతే. టైమ్‌టేబుల్ పక్కన పెట్టేసి నెల రోజులు ఒక్కటే పట్టుకో, లేచే టైమ్. ఇప్పుడు 10కి లేస్తున్నావు కాబట్టి ముందు 9:30, నాలుగైదు రోజులు కుదిరాక 9, అలా అరగంట చొప్పున 6:30 దాకా రా. రాత్రి ఆలస్యమైనా లేచే టైమ్ మార్చకు, ఆదివారం కూడా. ఆ రోజు మత్తుగా ఉంటుంది, పర్లేదు, ఆ రాత్రి నిద్ర దానంతటదే త్వరగా వస్తుంది.

లేవగానే గదిలోంచి బయటికి రా. నీ హాస్టల్ గది ఎలా ఉంటుందో నేను ఊహించగలను, ముగ్గురు నలుగురు, ఒక చిన్న కిటికీ, దానికి అడ్డంగా ఆరేసిన టవల్, పగలు కూడా ట్యూబ్‌లైటే. మన ఒంట్లో ఒక గడియారం ఉంది, నిద్ర ఎప్పుడు రావాలి, ఎప్పుడు చురుగ్గా ఉండాలి అనేది అదే నడుపుతుంది, అది కణాల్లో ఎలా తిరుగుతుందో పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకి వైద్యంలో నోబెల్ ఇచ్చారు (కరెంట్ అఫైర్స్‌కి పనికొస్తుంది, రాసుకో). ఆ గడియారం రోజూ టైమ్ సరిచేసుకునేది ముఖ్యంగా కంట్లో పడే పగటి వెలుతురుతో. గదిలో లైటు వేస్తే మహా అయితే కొన్ని వందల లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క), బయట మబ్బు పట్టి ఉన్నా వేలల్లో ఉంటుంది. అందుకే మొహం కడుక్కుని ఇందిరా పార్క్ దాకా నడువు, దగ్గరే కదా, ఓ అరగంట ఆ చెట్ల కింద తిరిగి, వచ్చేదారిలో టీ తాగి రా. ఈ రోజు వచ్చిన వెలుతురే ఈ రాత్రి నీకు నిద్ర తెస్తుంది. లేచిన మొదటి పావుగంట, అరగంట మెదడు మబ్బుగా ఉండటం మామూలే, అప్పుడే పాలిటీ పుస్తకం తెరిచి బుర్రకెక్కట్లేదని బాధపడకు. నడిచి వచ్చి, తిని, అప్పుడు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళి కూర్చో, నీకు అన్నిటికంటే కష్టమైన సబ్జెక్టు ముందు పట్టు.

రాత్రి ఫోన్ సంగతి. నీకు నిద్ర పట్టకుండా చేసేది స్క్రీన్ వెలుతురు ఒక్కటే కాదు, టెలిగ్రామ్ గ్రూపులు. రాత్రి పన్నెండింటికి ఎవరో ఒకరు పరీక్ష వాయిదా అట, కోర్టులో కేసు పడిందట అని పెడతారు, మిగతావాళ్ళు కామెంట్లు, నువ్వు గంట సేపు అవి చదువుతావు, గుండె దడ. నిజంగా వాయిదా పడితే పొద్దున పేపర్లో వస్తుంది. రాత్రి 11కి ఫోన్ నీ మంచానికి దూరంగా, ఇంకో గోడకున్న ప్లగ్ దగ్గర పెట్టి, అలారానికి మామూలు గడియారం ఒకటి కొనుక్కో. ఫోన్ చేతికందేంత దూరంలో ఉంటే ఎంత మొండివాడికైనా కష్టం.

21 రోజులు చేస్తే అలవాటైపోతుంది అని యూట్యూబ్‌లో చెప్తుంటారు, నమ్మకు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 2009లో ప్రచురించిన స్టడీలో 96 మందిని చూస్తే, ఒక కొత్త పని తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 అని అంచనా. అదే స్టడీలో ఇంకో మాట, మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటం మీద పెద్దగా తేడా పడలేదు. నీ టైమ్‌టేబుల్ బుధవారం పోయినప్పుడు సోమవారం దాకా ఆగుతున్నావు చూడు, ఆ నాలుగు రోజులే నిన్ను తినేస్తున్నాయి. బుధవారం పోతే గురువారం.

నాన్నకి నిజం చెప్పు. నాన్నా, పొద్దున లేవలేకపోతున్నా, సరిచేసుకుంటున్నా, 9 దాటాక ఫోన్ చెయ్యండి అను. ఆయన కోప్పడితే ఒక రోజు కోప్పడతారు, నువ్వు మాత్రం ఆ అబద్ధాన్ని రోజూ మోస్తున్నావు.

థైరాయిడ్ టాబ్లెట్ పొద్దున్నే వేసుకోమన్నారు. నాకు లేవగానే కాఫీ లేకపోతే పనే సాగదు. కాఫీతోనే వేసేసుకుంటున్నా, తప్పా? (ఒక గృహిణి, అనంతపురం)

కాఫీతో వద్దండి, టాబ్లెట్ ఒంటికి సరిగా పట్టదు. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగండి. కాల్షియం, ఐరన్ మాత్రలు వాడుతుంటే దానికీ వాటికీ 4 గంటల దూరం ఉండాలి. టాబ్లెట్, గ్లాసు నీళ్ళు రాత్రే మంచం పక్కన పెట్టుకోండి, కళ్ళు తెరవగానే వేసుకుంటే, మీరు పళ్ళు తోముకుని, పూలు కోసుకుని వచ్చేసరికి ఆ అరగంట అయిపోతుంది. ఇన్నాళ్ళూ కాఫీతో వేసుకున్నారు కాబట్టి మీ డాక్టర్‌కి ఆ మాట చెప్పి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) మళ్ళీ చూపించుకోండి, డోస్ మార్చాల్సి రావచ్చు.

నేను గచ్చిబౌలిలో యూఎస్ షిఫ్ట్, సాయంత్రం 6:30 నుంచి 3:30. ఇంటికొచ్చేసరికి 4:30 దాటుతుంది. శని, ఆదివారాలు భార్య, బాబుతో ఉండాలని పగలు మేలుకుంటా, సోమవారం నరకం. నాలాంటోడికి మార్నింగ్ రొటీన్ అనేది ఉంటుందా?

ఉంటుందండీ, మీకు తెల్లారేది మధ్యాహ్నం 12:30కి అనుకోండి, అంతే. 5కల్లా తెల్లారే లోపు పక్క ఎక్కాలి, కిటికీలకి మందపాటి పరదాలు, ఫోన్ సైలెంట్, కాలింగ్ బెల్ ఆఫ్ చేసి డెలివరీ వాళ్ళు ఎదురింట్లో ఇచ్చేలా ఒక చీటీ తలుపుకి అంటించండి. ఎండాకాలం క్యాబ్ ఆలస్యమైన రోజు దారిలోనే వెలుగొస్తుంది, నల్లద్దాలు పెట్టుకోండి. కాఫీ చివరిది రాత్రి 11 లోపు, కాఫీలో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే 5 గంటల దాకా పడుతుంది, 2కి తాగారంటే పడుకునేటప్పుడు ఇంకా ఒంట్లో సగానికి పైగా తిరుగుతూ ఉంటుంది. లేచాక బాల్కనీలోనో డాబా మీదో వెలుతురులో కాసేపు ఉండి, స్నానం, భోజనం, బాబు స్కూల్ నుంచి వచ్చే టైమ్‌కి మీరు ఫ్రెష్‌గా ఉంటారు, పగటి ఉద్యోగం చేసే చాలామంది నాన్నలకి ఆ టైమ్ దొరకదు.

శని, ఆదివారాలు పూర్తిగా తిరగేయకండి. రాత్రి 2 ప్రాంతంలో పడుకుని 9కి లేవండి, మీ మామూలు నిద్ర గంటల్లో కొన్నయినా అందులో కలుస్తాయి, సోమవారం అంత దెబ్బ కొట్టదు. షిఫ్ట్ అయ్యాక మాత్రం బండి మీద రావద్దు, క్యాబే. తెల్లవారుజామున బండి నడుపుతుంటే కళ్ళు మూతలు పడటం గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

రిటైరై ఆరేళ్ళయింది, రాజమండ్రి. తెల్లవారుజామున 3:30కే మెలకువ వచ్చేస్తుంది, మళ్ళీ పట్టదు. నిద్రమాత్ర వాడాలా?

రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో రాయలేదు బాబాయ్ గారూ. 8:30కి పడుకుంటుంటే 3:30కి మీ 7 గంటలు అయిపోయాయి, అది జబ్బు కాదు. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో గడియారం ముందుకి జరుగుతుంది, అంటే నిద్రా, మెలకువా రెండూ త్వరగా వస్తాయి. మధ్యాహ్నం కునుకు అరగంట మించనివ్వకండి, గోదావరి గట్టు మీద వాకింగ్ పొద్దునకి బదులు సాయంత్రం వెలుతురుండగా చేసి చూడండి, పడుకోవడం 9:30, 10కి జరపండి. డాక్టర్‌ని అడక్కుండా మాత్ర వద్దు. రాత్రిళ్ళు మాటిమాటికీ బాత్రూమ్‌కి లేవాల్సి వచ్చి మెలకువైతే మాత్రం సుగర్, ప్రోస్టేట్ చూపించుకోవాలి.

మేడమ్, నాకు 24. బెంగుళూరులో జాబ్ మానేసి వరంగల్ వచ్చేశాను. రెండు నెలలుగా పొద్దున లేవలేకపోతున్నా. బద్ధకం కాదు, తెల్లవారుజామున 4కే మెలకువ వస్తుంది, అప్పటినుంచి ఏవేవో ఆలోచనలు, 11 దాకా మంచం దిగలేను. సాయంత్రానికి కొంచెం నయం. తలస్నానం చేసి పది రోజులైంది. ఫ్రెండ్స్ ఫోన్ ఎత్తబుద్ధి కావట్లేదు. అమ్మ బద్ధకం అంటుంది, రోజూ తిడుతుంది. రొటీన్ ఒకటి రాసిస్తారా, అమ్మకి చూపిస్తా.

తల్లీ, నేను రొటీన్ రాసివ్వను. నువ్వు రాసినవి, తెల్లవారుజామునే మెలకువ, పొద్దున బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, స్నానం కూడా కొండంత పనైపోవడం, ఇవన్నీ డిప్రెషన్‌లో కనిపించే లక్షణాలు. ఇలాంటివి రెండు వారాలు దాటితే చాలు, డాక్టర్‌ని కలవాలి అంటారు, నీకు రెండు నెలలు. అది అవునో కాదో చూసి చెప్పాల్సింది సైకియాట్రిస్టు, ఉత్తరం చదివి నేను కాదు. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా, బి12 తక్కువైనా కూడా ఇలాంటి నీరసం వస్తుంది కాబట్టి ఆ టెస్టులు కూడా రాస్తారు. ఏది తేలినా మందు ఉంది, నయమవుతుంది.

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, ప్రైవేట్‌కే వెళ్ళాలనేం లేదు. మనవాళ్ళకి మానసిక డాక్టర్ అనగానే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రే గుర్తొచ్చి భయపడతారు, అక్కడికి కూడా నిద్ర పట్టట్లేదని, దిగులుగా ఉందని రోజూ ఎంతోమంది మామూలుగా వెళ్ళి మందులు రాయించుకుని వస్తుంటారు. బయటికి వెళ్ళే ఓపిక లేకపోతే ముందు 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తెల్లవారుజామున 4కి ఆ ఆలోచనలు వచ్చినప్పుడు కూడా చేయొచ్చు. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆ మాట దాచకుండా వాళ్ళకి చెప్పు, అమ్మకీ చెప్పు, తెల్లారేదాకా ఆగకు.

ఇక్కణ్ణించి మీ అమ్మగారికి రాస్తున్నా, పేజీ ఆవిడకివ్వు.

అమ్మా, మీ అమ్మాయిది బద్ధకం కాదు. బద్ధకస్తులు పడుకుని హాయిగా ఉంటారు, తను నాలుగింటి నుంచి మేలుకుని యాతన పడుతోంది. తిట్టి లేపకండి. 8కి గదిలోకి వెళ్ళి పరదా తీసి, టీ ఇచ్చి, పది నిమిషాలు ఇద్దరూ వెళ్ళి ఎండపడే చోట కూర్చోండి, ఏం మాట్లాడకపోయినా పర్లేదు. నువ్వే చేసుకో అనకుండా మీరే నూనె పెట్టి తలస్నానం చేయించండి ఒకసారి. పెళ్ళి సంబంధాలు, మళ్ళీ ఉద్యోగం, పక్కింటమ్మాయి సంగతులు ఇంకో రెండు నెలలు ఎత్తకండి. సోమవారం మీరిద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళండి, ఓపీ చీటీలు పొద్దున పూటే ఇస్తారు కాబట్టి 9 లోపు అక్కడుండేలా చూసుకోండి, లైన్లో మీరు నిలబడి తనని బెంచీ మీద కూర్చోబెట్టండి. డాక్టర్ దగ్గర తను మాట్లాడలేకపోతే ఈ ఉత్తరంలో తను రాసిందే చూపించండి. మందులు మొదలుపెడితే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు, మధ్యలో బాగానే ఉంది కదా అని మీ అంతట మీరు ఆపేయకండి. డాక్టర్ ఏమన్నారో నాకు రాయండి.